బడ్జీలకు మూత ఉన్న మట్టి కుండ: పాలమూరులో వాడి చూశాక

మనమంతా లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీలు గుడ్లు పెట్టడానికి పంజరంలో కట్టే కుండ గురించి రాస్తున్నాను. దుకాణాల్లో వేలాడదీసి అమ్మే మామూలు కుండ కాదిది. మూత తీసి లోపల చూసుకోవడానికి వీలుగా కుమ్మరికి చెప్పి చేయించుకున్న కుండ. ఇంట్లో ఒకటో రెండో జతలు ఉండి, పిల్లలు తీయాలనుకునేవాళ్లు ఇలాంటిదే చేయించుకోండి. చలికాలంలో మాత్రం చెక్క పెట్టే మేలు, అది కూడా చెప్తాను.

మా ఇల్లు మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో. వంటింటి వెనక వరండాలో పంజరాలు ఉంటాయి. వరండాకు తూర్పు వెలుతురు ఉంది, మధ్యాహ్నం ఎండ పడదు. కొన్నేళ్లుగా బడ్జీలు పెంచుతున్నాను. మొదట్లో నేనూ అందరిలాగే పక్కన గుండ్రటి పొక్క ఉండే చిన్న కుండలే కొన్నాను. వాటికి పచ్చ, ఎరుపు పెయింట్ వేసి అమ్ముతారు. ఆ పెయింట్ నాకు మొదటి నుంచీ నచ్చలేదు. గుడ్లు పెట్టే రోజుల్లో ఆడపిట్ట ముక్కుకు ఆగడం ఉండదు, కనిపించిన ప్రతి అంచునూ కొరుకుతుంది. ఆ పొరలన్నీ దాని కడుపులోకే పోతాయి. అయితే పెయింట్ కంటే పెద్ద ఇబ్బంది వేరే ఉంది. ఆ కుండలో లోపల ఏముందో కనిపించదు.

కనిపించకపోతే ఏమవుతుందో తెలియాలంటే లోపల జరిగేది తెలియాలి. బడ్జీ రోజు విడిచి రోజు ఒక గుడ్డు పెడుతుంది, మామూలుగా నాలుగు నుంచి ఆరు. అన్నీ పెట్టేదాకా ఆగి పొదిగితే పిల్లలన్నీ ఒకేసారి వచ్చేవి. కానీ ఇది మొదటి గుడ్డో, రెండో గుడ్డో పెట్టగానే కూర్చుంటుంది. ఒక్కో గుడ్డు పిల్ల కావడానికి దాదాపు 18 రోజులు. అందుకే పిల్లలు కూడా వరుసగా, రోజు విడిచి రోజు వస్తాయి. చివరిది పుట్టేసరికి పెద్దదానికి కళ్లు తెరుచుకుని, ఈకల మొనలు పొడుచుకొస్తుంటాయి. చివరిది రెండు గ్రాముల బరువుతో, ఒంటిమీద నూగు కూడా లేకుండా, కళ్లు మూసుకుని ఆ పెద్దవాటి కాళ్ల కింద ఉంటుంది. తల్లి నోటికి అందని పిల్ల ఒక్కపూటలో నీరసపడిపోతుంది.

దాన్ని కాపాడాలంటే రోజుకు ఒకసారైనా పిల్ల గొంతు కింద ఉండే మేత సంచి చూడాలి. గొంతు కింద చర్మం పల్చగా ఉంటుంది కాబట్టి లోపల మేత ఉంటే తెల్లగా, ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఖాళీగా ఉంటే ముడతపడి ఉంటుంది. ఒక్క చూపు చాలు. పొక్క ఉన్న కుండలో ఆ ఒక్క చూపే కుదరదు. రెండు వేళ్లు పెట్టి తడిమి పిల్లల్ని ఒక్కొక్కటిగా బయటికి లాగాలి. ఆ లాగడంలో కాలు మెలిక పడొచ్చు, ఇంకా పొదుగుతున్న గుడ్డుకు గోరు తగలొచ్చు. కొందరు విసుగొచ్చి అసలు చూడరు, పిల్లలు వాటంతట అవే బయటికి వచ్చేదాకా ఆగుతారు. వచ్చినవి బతికినట్టు, రానివి పోయినట్టు. నాకు అది సరిపడలేదు.

దేవరకద్ర రోడ్డు మీద ఒక ఊళ్లో ఇప్పటికీ సారె మీద చేసే పెద్దాయన ఉన్నారు. ఎండాకాలం మేము రంజన్, అంటే మంచినీళ్ల కుండ, కొనేది ఆయన దగ్గరే. కాగితం మీద బొమ్మ గీసి తీసుకెళ్లాను. వెడల్పు ఎనిమిది అంగుళాలు, ఎత్తు తొమ్మిది, పక్కన పైవైపు రెండు అంగుళాల పొక్క, దాని కింద పుల్ల దూర్చడానికి ఒక చిన్న పొక్క, పైన పట్టుకోవడానికి బుడిపె ఉన్న మూత. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు.

"లోపల ఎన్ని పిల్లలుంటయి బిడ్డా?"

"ఆరు దాకా ఉంటాయి తాతా. తల్లి కూడా అందులోనే."

"అయితే మూతకు పొక్కలు గావాలె. గాలి ఆడకుంటే ఉడికిపోతయి. మీదికెల్లి వాన పడదు గద, పెడత తియ్."

ఆ మూడు చిన్న పొక్కల ఆలోచన ఆయనదే. వాడాక తెలిసింది, ఈ కుండలో నాకు బాగా నచ్చినవాటిలో అదొకటి. పిల్లలు పెద్దవయ్యే కొద్దీ రెట్ట తడికి లోపల వాసన కడుతుంది. పక్క పొక్కకు తల్లి అడ్డంగా కూర్చుంటే గాలికి ఇంకో దారి ఉండాలి. పై పొక్కల వల్ల వేడిగాలి మీదికి పోతుంది.

ఇంకో పని కూడా ఆయనతో చేయించాను. అడుగు పచ్చిగా ఉన్నప్పుడు లోపల బొటనవేలితో ఒత్తి చిన్న గుంట చేయమన్నాను. లోపలివైపు నున్నగా రుద్దకుండా గరుకుగా వదిలేయమన్నాను. చదునుగా, నున్నగా ఉన్న అడుగు మీద పిల్ల కాళ్లు నిలవవు. ఎముక ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి రెండు కాళ్లూ పక్కలకు జారి అలాగే గట్టిపడతాయి. అలాంటి పిల్ల పెద్దయ్యాక పుల్ల మీద కూర్చోలేదు. గుంట ఉంటే గుడ్లు కూడా చెల్లాచెదురు కాకుండా తల్లి పొట్ట కిందికే వస్తాయి. గుంటలో వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు వచ్చే చెక్క చుట్టలు రెండు వేళ్ల మందం వేస్తాను. రంపపు పొట్టు వేయకండి, ఆ సన్నటి దుమ్ము పిల్లల ముక్కుల్లోకి పోతుంది. ప్లైవుడ్ చెక్కవి కూడా వద్దు, దానికి జిగురు ఉంటుంది. కొన్ని ఆడపిట్టలు మనం వేసిందంతా ముక్కుతో బయట పారేస్తాయి. పారేస్తే మళ్లీ వేయండి. పిల్లలు పుట్టాక పారేయడం తగ్గుతుంది.

ఇక ఫలితం. మా పచ్చ ఆడపిట్టకు ఐదు పిల్లలైతే, చివరిదాని మేత సంచి పొద్దున ఖాళీగా కనిపించింది. మధ్యాహ్నం మూత తీసి చూసినా అంతే. పక్క పంజరంలో నీలం జతకు ఇంచుమించు అదే వయసు పిల్లలు రెండే ఉన్నాయి. చిన్నదాన్ని అరచేతిలో కాసేపు వెచ్చగా ఉంచి ఆ కుండలో వాటి మధ్య పెట్టేశాను. సాయంత్రానికి మేత సంచి నిండి ఉంది. బడ్జీలు వేరే పిల్లను సాధారణంగా కాదనవు, వయసులు దగ్గరగా ఉంటే చాలు. ఆ పిల్ల ఇప్పుడు మా ఆడపడుచు ఇంట్లో ఉంది, పసుపు రంగు, మంచి కూత. పాత కుండల్లో అయితే దాని మేత సంచి ఖాళీగా ఉందని నాకు తెలిసే దారే లేదు.

మూత వల్ల ఇంకో లాభం శుభ్రత. తల్లి పెట్టే మెత్తటి మేత పిల్ల పై ముక్కు లోపల అంటుకుని ఎండిపోతుంది. అలాగే వదిలేస్తే ముక్కు వంకరగా పెరుగుతుంది. కాలివేళ్ల చుట్టూ రెట్ట గడ్డకట్టినా అంతే, గోళ్లు దెబ్బతింటాయి. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి నానబెట్టి తీయాలి, లాగకూడదు. మూత తీస్తే ఈ పని తొందరగా అయిపోతుంది, పిల్లలు చల్లబడవు. తల్లి మేతకు బయటికి వచ్చినప్పుడే తీయండి. రోజూ ఒకే వేళకు చేస్తే అది కూడా అలవాటుపడుతుంది.

వాడకం అయ్యాక చెక్క పెట్టె కంటే కుండ ఎంత సుఖమో చెప్పలేను. చెక్క అతుకుల్లో ఎర్ర పేలు చేరతాయి. పగలు అక్కడ దాక్కుని రాత్రి పిల్లల రక్తం తాగుతాయి. చెక్కను ఎంత కడిగినా ఆ సందులు వదలవు, తడిస్తే పలక ఉబ్బుతుంది. కుండనైతే మరిగే నీళ్లు పోసి, బ్రష్‌తో రుద్ది, రెండు రోజులు ఎండలో బోర్లిస్తాను. మన ఎండ దానికి చాలు.

బల్లుల గురించి కూడా కొంతమంది అడుగుతుంటారు. వరండాలో ట్యూబ్‌లైట్ ఉంటే బల్లి కుండలోకి దూరడం మామూలే. మూత తీస్తే తెలుస్తుంది, తోలేస్తే పోతుంది. అసలు భయపడాల్సింది చీమలకు. గుడ్డు పగిలి పిల్ల వచ్చేటప్పుడు ఆ తడికి ఎర్ర చీమలు బారులు కడతాయి. పంజరం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, కుండ గోడకు ఆనకుండా చూడండి.

బల్లి మాట వచ్చింది కాబట్టి ఈ కుండకు దొరికిన ఇంకో వాడకం కూడా చెప్పాలి. మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ వాడు లెపర్డ్ గెకోలు అనే బల్లులను పెంచుతాడు, గుడ్లు పొదిగించి పిల్లలు తీస్తాడు. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, లావు తోక. వీటి సొంత ప్రాంతం అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, ఇటు మన దేశపు వాయవ్యం వైపు. మన గోడ బల్లికి కనురెప్పలు ఉండవు, వీటికి ఉంటాయి. కాలివేళ్లకు అంటుకునే మెత్తలు లేవు కాబట్టి గాజు పెట్టె గోడ ఎక్కలేవు. వీడియో కాల్‌లో నేను మూత తీసి పిల్లల్ని చూపిస్తుంటే వాడు అడిగాడు:

"పిన్నీ, అలా తీస్తే తల్లి ఊరుకుంటుందా?"

"రోజూ చూసే ముఖమే కదా నాన్నా, ఊరుకుంటుంది. మీ వాటి తల్లి కరుస్తుందా?"

"మా దాంట్లో తల్లికి ఆ బాధే లేదు పిన్నీ. తడి మట్టిలో గుడ్లు పాతిపెట్టి వెళ్లిపోతుంది. మిగతాదంతా నేనే చూసుకోవాలి."

వాడు చెప్పింది విని నేను చాలాసేపు అదే ఆలోచించాను. ఆ గెకోకు కాన్పుకు మామూలుగా రెండే గుడ్లు, పెంకు తోలులా మెత్తగా ఉంటుంది. తీసి, తేమ పట్టి ఉంచే వర్మిక్యులైట్ అనే ఖనిజపు పలుకులు తడిపి పోసిన డబ్బాలో పెట్టి, పై భాగం మీద పెన్సిల్‌తో గుర్తు పెడతాడు. ఎందుకంటే కోడిగుడ్డును తిప్పినట్టు దాన్ని తిప్పకూడదు, తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోవచ్చు. ఇంకో విషయం, పిల్ల ఆడా మగా అన్నది గుడ్డు ఉన్న వేడిని బట్టి తేలుతుందట. 26 డిగ్రీల దగ్గర ఎక్కువగా ఆడవి, 32-33 దగ్గర ఎక్కువగా మగవి. అందుకే వాడి ఇంట్లో గుడ్ల పెట్టెకు థర్మోస్టాట్ ఉంది, అది పాడైతే వాడికి టెన్షన్. చల్లగా ఉంచితే రెండు నెలల పైన కూడా పట్టొచ్చు, వెచ్చగా ఉంచితే త్వరగా వస్తాయి. పుట్టిన పిల్ల మొదటిసారి పొర విడిచేదాకా మేత ముట్టదు, కడుపులో మిగిలిన పచ్చసొనతోనే గడుపుతుంది. తర్వాత చిన్న చిన్న మిడతలు, పురుగులు పెట్టాలి. దేని డబ్బా దానికి విడిగా ఉండాలి, లేకపోతే ఒకదాని తోక ఇంకొకటి కొరుకుతుంది.

పొర విడవడానికి వాటికి తడిగా ఉండే ఒక గూడు కావాలి. తేమ చాలకపోతే కాలివేళ్ల దగ్గర పాత పొర బిగిసిపోయి వేలే ఊడిపోతుంది. వాడు ప్లాస్టిక్ డబ్బాకు పొక్క పెట్టి, లోపల తడి నాచు వేసి వాడుతున్నాడు. మన కుండ చూసి తనకూ ఒకటి కావాలన్నాడు. అక్క వెళ్లేటప్పుడు పాత చీరల మధ్య చుట్టి పంపాను. దానికి పొక్క కిందికి పెట్టించి, అంచు నున్నగా రుద్దించాను. మెత్తటి పొట్ట ఆనించి పాకుతుంది కాబట్టి అంచు గీసుకోకూడదు. కాల్చిన మట్టి నీళ్లు పీల్చి మెల్లగా వదులుతుంది, అందుకే తేమ డబ్బాలో కంటే ఎక్కువసేపు నిలుస్తోందని వాడు చెప్పాడు. బడ్జీలకు గరుకు మంచిది, గెకోకు నునుపు మంచిది. ఒకే కుమ్మరి రెండూ చేశారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. వాడు పెంచేవి అక్కడి పెంపకందారుల ఇళ్లల్లో తరతరాలుగా పుట్టినవి. మన తూర్పు కనుమల అడవుల్లో కూడా వీటి దగ్గరి చుట్టాలు ఉన్నాయి. వీడియోలు చూసి వాటిని పట్టుకొచ్చే ఆలోచన ఎవరూ చేయకండి, అవి అడవిలోనే ఉండాలి. రామచిలుకల సంగతి కూడా అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఏ దుకాణంలోనైనా రామచిలుక పిల్లలు కనిపిస్తే అక్కడ గింజలు కూడా కొనకండి. బడ్జీలు ఆస్ట్రేలియా పిట్టలు, 1840లో పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ ఇంగ్లండ్‌కు తెచ్చినప్పటి నుంచి ఇళ్లల్లోనే పుట్టి పెరుగుతున్నాయి.

ఇప్పుడు కుండలో నాకు నచ్చని సంగతులు. మొదటిది బరువు. మూతతో కలిపితే పంజరం తీగలు వంగుతాయి. బైండింగ్ వైర్‌తో కట్టి వేలాడదీయడం నమ్మకం కాదు. నేను పంజరం లోపల మూలన చెక్క పలక బిగించి దాని మీద పెట్టాను. రెండోది చలి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో మట్టి చల్లబడితే తొందరగా వేడెక్కదు. ఈకలు రాని పిల్లల మీద నుంచి తల్లి కాసేపు లేచినా ఇబ్బందే. ఆ రెండు నెలలూ చెక్క పెట్టెలే వాడతాను. మూడోది, మూత కొంచెం వదులుగా ఉంటే ఆడపిట్ట లోపల తల తగిలినప్పుడల్లా కదిలి చప్పుడవుతుంది, కొత్త జతలు బెదురుతాయి. మూత అంచు కింద గుడ్డ పీలిక చుట్టాను, సర్దుకుంది.

ఎండాకాలం సంగతి అందరూ తప్పుగా అనుకుంటారు. మట్టి కుండ కాబట్టి లోపల చల్లగా ఉంటుందని చెప్తారు. నీళ్ల కుండ చల్లగా ఉండేది నీళ్లు చెమర్చి ఆరుతుంటాయి కాబట్టి. పొడి కుండకు ఆ గుణం లేదు. మందం వల్ల వేడి ఆలస్యంగా ఎక్కుతుంది, అంతే. మే నెల మధ్యాహ్నం అందులో ఐదు పిల్లలు, తల్లి ఉంటే నోళ్లు తెరిచి రొప్పుతాయి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుంటాయి. లోపల తడిపితే బూజు పడుతుంది. రేకుల షెడ్డులోనైతే అసలు మాట్లాడక్కర్లేదు. నా మాట వింటే మార్చి దాటాక కుండలు తీసి అటక ఎక్కించండి. కుండ కనిపించకపోతే చాలా ఆడపిట్టలు గుడ్ల మీద ధ్యాస పెట్టవు, వాటికి విశ్రాంతి కూడా దొరుకుతుంది. ఏడాదికి రెండు ఈతలు చాలు. వానలు నిలదొక్కుకున్నాక, శ్రావణంలో మళ్లీ పెట్టండి.

కుండ ఎంత మంచిదైనా తల్లి ఒంట్లో సున్నం లేకపోతే గుడ్డు లోపలే ఇరుక్కుని పిట్ట పోతుంది. పచారీ కొట్లో సముద్రపు నురుగు అడగండి, తెల్లటి పలకలా ఉంటుంది, పంజరానికి గుచ్చితే అదే గీరుకుంటుంది. గింజలకు బయటి ప్యాకెట్లు అక్కర్లేదు. కొర్రలు, సజ్జలు, సామలు మన అంగడిలోనే దొరుకుతాయి, పొట్టు తీయనివి కొనండి. పిల్లలున్నప్పుడు ఉడికించిన కోడిగుడ్డు పెంకుతో సహా నలిపి పొద్దున్నే పెట్టి, రెండు గంటల్లో గిన్నె తీసేయండి. మునగాకు ఇష్టంగా తింటాయి. ఏడాది నిండని ఆడపిట్టకు కుండ పెట్టకండి.

ధర విషయానికొస్తే, మూతతో ఒక్కొక్కటి నూట యాభై తీసుకున్నారు. దుకాణంలో పెయింట్ కుండ ఎనభై. తేడా డెబ్బై రూపాయలకు వెనకాడకండి, చేత్తో చేసిన పని అది. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను, పోయిన ఒకటి చలికీ బరువుకూ.

మీకు దగ్గరలో ఏ కుమ్మరి ఉన్నా ఇది చేయగలరు. అడిగే వేళ మాత్రం చూసుకోండి. శివరాత్రి దాటితే రంజన్ల పనిలో మునిగిపోతారు, వానల్లో ఆవం, అంటే కుండల బట్టీ, కాల్చరు, దీపావళి ముందు ప్రమిదలు. సంక్రాంతి అయిన వెంటనే వెళ్తే తీరిగ్గా చేసిస్తారు. రంగు పూయొద్దని ముందే చెప్పండి. మూత, కుండ ఒకేసారి చేసి ఒకే ఆవంలో కాల్చమనండి, విడివిడిగా చేస్తే ఎండి కుంచించుకునే తేడాకు మూత సరిపోదు. తెచ్చుకునే ముందు వేలితో కొట్టి చూడండి. కంగుమంటే తీసుకోండి, మొద్దుగా మోగితే ఎక్కడో సన్నటి పగులు ఉన్నట్టు, మార్చి ఇమ్మనండి.